నాలుగేసి లైన్లు, చివర్లో మూడు

ఫైలుని లైను తర్వాత లైను చదవటం ఏ స్క్రిప్టింగ్ భాషలోనైనా మొదటిరోజు పాఠమే. నాలుగేసి లైన్లు చదవమన్నప్పుడే ఎవరి తెలివి వాళ్లు చూపిస్తారు. (మొత్తం ఫైలుని మెమరీలోకి లాగేసి ముక్కలు చేసేవాళ్ల సంగతి ఇప్పుడొద్దు.)

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఈమధ్య ఒక పైథాన్ స్క్రిప్టు చూపించాడు. పాత బిల్లింగ్ సిస్టమ్ ఒకటి రోజూ రాత్రి ఒక టెక్స్టు ఫైలు పంపిస్తుంది. ఖాతా నంబరు, పేరు, చిరునామా, కట్టాల్సిన మొత్తం.. కస్టమరుకి 4 లైన్లు. మనవాడు ఫైలు మీద ఒక ఇటరేటర్ తీసుకుని, దాన్నే నాలుగుసార్లు లిస్టులో పెట్టి, ఆ నాలుగింటినీ జిప్‌కి అప్పజెప్పాడు. ఒకే ఒక్క లైను కోడు! నాలుగూ నిజానికి ఒకటే కాబట్టి, జిప్ అడిగినప్పుడల్లా ఫైల్లో తర్వాతి లైను వస్తుంది. అందమైన ఉపాయమే, కాదనను.

"చివర్లో మూడే మిగిలితే?" అన్నాను.

"మిగలవు కదన్నా, నాలుగేసే పంపిస్తారు" అన్నాడు.

మిగులుతాయి. అవతల డిస్కు నిండినా, ఫైలు వస్తూ వస్తూ మధ్యలో కనెక్షన్ తెగినా మిగులుతాయి. అప్పుడు జిప్ ఆ మూడింటినీ చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. ఒక కస్టమరుకి ఆ నెల బిల్లు వెళ్లదు, అంతే. స్క్రిప్టు ఢామ్మని కూలిపోయినా నాకు ఇంత భయం ఉండదు.

2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి జిప్‌కి 'స్ట్రిక్ట్' అని చెప్పొచ్చు, లెక్క తేడా వస్తే అరుస్తుంది. 2023లో 3.12తో ఇటర్‌టూల్స్‌లోకి 'బ్యాచ్డ్' వచ్చింది. అది మిగిలిన మూడింటినీ పారెయ్యకుండా చిన్న గుంపుగా చేతికిస్తుంది. దానికీ 'స్ట్రిక్ట్' కావాలంటే మాత్రం 3.13 ఉండాలి.

అసలు చిక్కు ఇది కూడా కాదు. ఎవరిదో చిరునామాలో ఒక ఎంటర్ ఎక్కువ పడిందనుకోండి. అక్కణ్ణుంచి ప్రతి కస్టమరూ ఒక లైను జరిగిపోతాడు, పేరు ఉండాల్సిన చోట ఖాతా నంబరు వస్తుంది. స్ట్రిక్ట్ అరిచేది ఫైలు చివర్లో. ఈలోపు సగం బిల్లులు వెళ్లిపోయుంటాయి!

1977 నాటి ఆక్‌లో రికార్డు సెపరేటర్‌ని ఖాళీగా పెడితే, ఖాళీ లైను వచ్చేదాకా అంతా ఒకే రికార్డు. పెర్ల్‌లోనూ ఆ సదుపాయం ఉంది. చిరునామా ఎంత సాగినా ఆ ఒక్క రికార్డే పాడవుతుంది. కానీ మనకొచ్చే ఫైల్లో ఖాళీ లైన్లు లేవే!

పోనీ గుర్తు చూసి విడగొడదామంటే అదీ అన్నిచోట్లా నడవదు. జన్యు పరిశోధనలో వాడే ఫాస్ట్‌క్యూ ఫైళ్లలో రికార్డు 'ఎట్' గుర్తుతో మొదలవుతుంది. నాలుగో లైనులో ఉండే నాణ్యత అక్షరాల్లో కూడా అదే గుర్తు మొదట రావచ్చు. అక్కడ నాలుగు లెక్కపెట్టుకోవటమే మంచిది.

మా ఫైలుకి చివరికి రెండూ కలిపాం. నాలుగేసి చదవటం, ప్రతి గుంపులో మొదటిది ఖాతా నంబరేనా అని చూడటం, కాకపోతే లైను నంబరు చెప్పి అక్కడే ఆగిపోవటం. ఫైలంతా సరిగ్గా ఉందని తేలాకే బిల్లులు. ఒక్క లైను కాస్తా పద్నాలుగు లైన్లయింది. "ఇది పైథానిక్‌గా లేదన్నా" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

లైను నంబరు ప్రింట్ చెయ్యటం మాత్రం నేనే పట్టుబట్టి పెట్టించాను. రాత్రి రెండింటికి ఫోనొచ్చేది వాడికే మరి :)