కొవ్వు తీసేస్తే గుండె బాగుపడుతుందా?

మా తాండూరు చుట్టాల్లో బరువు తగ్గే ఆపరేషన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆర్తీ అగర్వాల్. 2015 జూన్ 6న ఆమె న్యూజెర్సీలో చనిపోతే, కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని పేపర్లన్నీ రాశాయి. అప్పట్నుంచీ మావాళ్ళకి బరువు ఆపరేషన్లన్నీ ఒకటే. ఈ మధ్య వికారాబాద్‌లో ఉండే మా మేనమామని (బీఎంఐ 38, షుగర్, బీపీ) డాక్టరు బేరియాట్రిక్ సర్జరీ గురించి ఆలోచించమన్నాడు. అంతే, అత్తమ్మ నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "కొవ్వు పీకేసుడు ఎందుకు బిడ్డా, పానం మీదికి తెచ్చుకునుడు గాకపోతే?"

అసలు తేడా చూద్దాం. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగెయ్యడం. బేరియాట్రిక్ సర్జరీలో కొవ్వు జోలికే పోరు. ఉదాహరణకి స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని ముప్పావు వంతు దాకా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే. మన భాషలో చెప్పాలంటే మొదటిది లాగ్ ఫైళ్ళు డిలీట్ చెయ్యడం, రెండోది వాటిని రాసే ప్రాసెస్‌ని సరిచెయ్యడం.

2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 15 మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్ళకి లైపోసక్షన్‌తో సుమారు 10 కేజీల కొవ్వు తీశారు. మూడు నెలల లోపు పరీక్షిస్తే బీపీ, ఇన్సులిన్ పనితీరు, సీఆర్పీ లాంటి ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఏవీ మెరుగవలేదు. ఎందుకంటే గొట్టానికి అందేది పైకొవ్వు. లోపల పేగుల చుట్టూ ఉన్నదే లివర్‌కీ, రక్తనాళాలకీ చిచ్చు పెట్టేది. బేరియాట్రిక్ తర్వాత ఆ లోపలి కొవ్వు కూడా కరుగుతుంది. సీఆర్పీ ఆపరేషన్ దెబ్బకి కొన్నాళ్ళు పెరిగినా, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

మరి స్ట్రెస్ హార్మోన్ సంగతో? నిద్రాణంగా ఉన్న కార్టిసోన్‌ని కార్టిసాల్‌గా మార్చే ఎంజైమ్ కొవ్వులో కూడా ఉంటుంది. కొవ్వు తగ్గితే ఆ తయారీ తగ్గాలి. కానీ రక్తంలో కార్టిసాల్ గురించి అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. అర్ధరాత్రి ప్రొడక్షన్ కాల్స్‌ని ఏ సర్జనూ కోసెయ్యలేడు కదా!

గుండె విషయంలో మాత్రం స్వీడన్ లెక్కలు గట్టివి. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, దాదాపు పదిహేనేళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్ళు సర్జరీ చేయించుకున్న 2010 మందిలో 28 మంది, చేయించుకోని 2037 మందిలో 49 మంది. లాటరీ తీసి విడదీసిన గుంపులు కావు కాబట్టి ఇదే తిరుగులేని రుజువు అనను. కొట్టిపారెయ్యలేం కూడా.

నా మట్టుకు నేను మామతో చెప్పింది ఇదే: ఇది అందం కోసం చేసేది కాదు, అలాగని ఒక్కరోజులో అయిపోయేదీ కాదు. బీ12, ఐరన్ మాత్రలు జీవితాంతం ఉంటాయి. జొన్నరొట్టెలు లెక్కపెట్టుకుని తినాలి, కందిపప్పు ముందు, రొట్టె తర్వాత. నిర్ణయం మామదీ, డాక్టరుదీ. కాకపోతే భయపడితే సరైన దానికే భయపడాలి.

ఇక మన సంగతి. 2022 మార్గదర్శకాల ప్రకారం ఆసియా వాళ్ళకి బీఎంఐ 27.5 దాటితేనే ఈ సర్జరీ పరిగణించొచ్చట. మన క్యూబికల్స్‌లో ఆ గీత దాటినవాళ్ళు ఎంతమంది? కత్తి దాకా పోకుండా సర్దుకునే టైమ్ చాలామందికి ఇంకా ఉంది. ఏమంటారు?