కారు కదిలిందని మెసేజ్ వచ్చింది

మా రొయ్యల గుంటలు మైపాడు దగ్గర. పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి అయ్యేదాకా మా ఆయన వారంలో నాలుగు రాత్రులు అక్కడే ఉంటారు. కట్ట మీదకి కారు పోదు. రోడ్డు పక్కన పెట్టి నడవాలి. సంక్రాంతి ముందు ఒక రాత్రి ఎవరో కారు బ్యాటరీ విప్పుకుపోయారు. రేపు కారే పోతే? అలారం పెట్టించాల్సిందేనని నేనే గొడవ చేశాను.

నెల్లూరులో షాపతను ముందు సైరన్ మోగే రకం చూపించాడు. ధర తక్కువే. కానీ ఏరియేటర్ల హోరులో అది మోగినా మా ఆయనకి వినపడదు. రాత్రి ఆ రోడ్డు మీద వినేది దొంగ ఒక్కడే. అందుకని సిమ్ కార్డు వేసే రకం తీసుకున్నాం. కారు అదిరినా, తాళం తిప్పినా, బ్యాటరీ వైరు పీకినా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. "బ్యాటరీ పీకేస్తే దీనికి కరెంటెక్కడిది?" అని అడిగాను. లోపల చిన్న బ్యాటరీ ఉందట. అది లేనివీ ఉంటాయి, కొనేముందు అడగండి. వారంటీ ఉన్న కారైతే వైర్లు కోయించే ముందు షోరూంలో కూడా ఒక మాట కనుక్కోండి.

ఉప్పుగాలికి గుంటల దగ్గర ఇనుప బోల్టులే తినేసుకుపోతాయి. ఇక వైర్ల మీద టేపు ఎన్నాళ్లుంటుంది? అతుకులకి టంకం పెట్టించి, పైన బిగుసుకునే గొట్టం వేయించాను. ఇంజన్ ఆపే బటన్ కూడా ఫోన్‌లో ఉంది. నొక్కితే పెట్రోలు తోసే మోటారుకి కరెంటు ఆగిపోతుంది. బండి పరుగులో ఉండగా ఆగితే స్టీరింగూ బ్రేకూ బరువెక్కుతాయి కదా అంటే, వేగం బాగా తగ్గాకే ఆగేలా పెట్టాడు.

మా ఆయన గుంటలో దిగితే ఫోన్ గట్టునే ఉంటుంది. అందుకని మెసేజ్‌లు నా నంబరుకే పెట్టించాం. మొదటి వారం నిద్ర లేదు. కుక్క చక్రానికి రాసుకున్నా మెసేజే, లారీ పోయినా మెసేజే. సెన్సార్ తగ్గించాక కుదుటపడింది.

మార్చిలో ఒక రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. ఇంజన్ ఆన్ అయింది. మ్యాప్‌లో కారు ఇందుకూరుపేట వైపు పరుగెత్తుతోంది. మా ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. మా వాడు లేచొచ్చి, "నొక్కెయ్ అమ్మా, ఇంకేం చూస్తావు?" అన్నాడు. వేలు బటన్ మీదే ఉంది. దొంగలు ఆయన్నేమైనా చేశారేమోనని గుండె దడ. అప్పుడు కాపలా అతని నంబరు గుర్తొచ్చి చేశాను. వాళ్లావిడ ఎత్తింది, ఏడుస్తోంది.

"పాము కరిచిందక్కా ఈయన్ని. అన్న కార్లో ఏసుకోని నెల్లూరు ఆస్పత్రికి పోతా ఉండాడు."

ఫోన్ మంచం మీద పడేశాను. కంగారులో మా ఆయన తన ఫోన్ షెడ్డులోనే మర్చిపోయారట. కాపలా అతను నాలుగో రోజుకి ఇంటికొచ్చాడు. త్వరగా తీసుకొచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరుగారు అన్నారు. ఆ మాట విన్నాక నేను నొక్కబోయిన సంగతి మా ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కారు కదిలిందనే అది చెబుతుంది. ఎవరు, ఎందుకు కదిలించారో చెప్పదు. ఇప్పుడు ఆ బటన్‌కి పిన్ పెట్టుకున్నాం. మెసేజ్ వస్తే ముందు ఆయనకి, తర్వాత కాపలా వాళ్లకి ఫోన్. ఇద్దరికీ తెలియదంటే 112. బటన్ ఆ తర్వాతే. మీరూ పెట్టిస్తుంటే ఈ వరస ఇంట్లో అందరూ కూర్చుని ముందే అనుకోండి. అర్ధరాత్రి బుర్ర పనిచేయదు.

నిన్న మధ్యాహ్నం మళ్లీ మెసేజ్, కారు అదిరిందని. ఫోన్ చేస్తే కాపలా అతనే కారు కడుగుతున్నాడట. కడగనీ.