612 మిరపపూలు

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గ మిత్రులు వెంటపడ్డారు. కథా కవితా నా వల్ల కావు. అందుకని మొన్న ల్యాబులో కంప్యూటరుతో నేను పడ్డ పాట్లే రాస్తున్నాను.

2021-22లో మిరపతోటల్ని నల్ల తామరపురుగు ఊడ్చేసిన సంగతి మావైపు చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. శాస్త్రనామం థ్రిప్స్ పార్విస్పైనస్. పువ్వులో దూరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది. నా ప్రాజెక్టు దానిమీదే. సీనియర్ దగ్గర కెమెరా అరువు తెచ్చుకుని, మా తోటలో పువ్వు పువ్వునా వంగి ఫోటోలు తీశాను. పక్కన స్కేలు పట్టుకున్నది నాన్న. మొత్తం 612. ఆ తర్వాత వారానికే తోట పీకేసి దున్నేశారు.

సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి. శుక్రవారం ల్యాబులో ఆ ఫోల్డరు తెరిచాను. నాలుగైదు పూలు కనిపించాయో లేదో, కిటికీ తెల్లబోయి మూతపడింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ అదే. మిగతా ఫోల్డర్లు మాత్రం లక్షణంగా తెరుచుకుంటున్నాయి! "వైరస్సు బాబూ, రేపు ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు ల్యాబు అసిస్టెంటు, అదేదో తల దువ్వుకున్నంత తేలిగ్గా. కెమెరా కార్డు నేనప్పటికే చెరిపి తిరిగిచ్చేశాను. నా గుండె జారింది.

ముందు చేసిన మంచిపని ఒక్కటే: కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఫోల్డరు మొత్తాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. అది ఫైలును ఉన్నదున్నట్టు ఎత్తిపోస్తుంది, బొమ్మ జోలికి పోదు. ఏ ఇబ్బందీ లేకుండా కాపీ అయిపోయింది. అప్పుడు అనుమానమొచ్చింది. ఫోల్డరు తెరిస్తే కంప్యూటరు ప్రతి ఫోటోనూ విప్పి చదివి చిన్నబొమ్మ, అంటే థంబ్‌నెయిల్, తయారుచేస్తుంది. ఆ విప్పడంలోనే ఎక్కడో తట్టుకుని పడుతోందేమో? ఫోల్డర్ ఆప్షన్లలో చిన్నబొమ్మలు వద్దు, ఐకాన్లే చాలు అనే గడిలో టిక్ పెట్టాను. తెరుచుకుంది! వైరస్సు కాదన్నమాట. (అసిస్టెంటు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.)

మరి 612లో దొంగ ఎవరు? ఒక్కొక్కటే చూస్తూ కూచుంటే తెల్లారిపోతుంది. రాత్రి నాన్నతో ఫోన్లో మొరపెట్టుకున్నాను. "మళ్ళీ తీద్దామంటే తోట లేదు కదరా" అన్నారు. కాసేపాగి, "మన పైపులైనులో నీళ్ళాగితే ఏం చేస్తాం? మధ్య జాయింటు విప్పి చూడమూ?" అన్నారు. అక్కడ నీళ్ళొస్తే అడ్డు అవతల, రాకపోతే ఇవతల. నేను చదివే సైన్సంతా ఆ మాట ముందు వెలవెలబోయింది సుమా!

శనివారం చిన్నబొమ్మలు మళ్ళీ పెట్టి, పాతవి డిస్క్ క్లీనప్‌లో తుడిచి, ఫోటోల్ని సగం చేశాను. 306 బాగానే తెరుచుకున్నాయి. మిగతా సగం పడిపోయింది. దాన్ని మళ్ళీ సగం చేశాను. 153, 77, 39... తొమ్మిదోసారికి రెండు మిగిలాయి. రెంటినీ విడదీస్తే ఏది తెరిచినా పడిపోతోంది. రెండూ దొంగలే. పక్కపక్క నంబర్లు, ఆఖరి రోజు ఆఖరి ఫోటోలు. బస్సు హారను వినబడి, కెమెరాలో దీపం ఇంకా మిణుకుతుండగానే కార్డు పీకేసింది నేనే. కెమెరా రాయడం ముగించలేదు. సగం రాసిన ఆ ఫైళ్ళని చదవబోయి, ల్యాబులో ఎవరో ఎప్పుడో ఎక్కించిన పాత ఫోటో సాఫ్ట్‌వేరు తానూ పడి, పక్కవాటినీ పడేస్తోంది. దాన్ని తీసేశాక ఫోల్డరు పడలేదు.

సోమవారం 610 పూలు ఇచ్చాను. మిగతా రెండింటినీ హాస్టల్లో మిత్రుడి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాం. ఒకటి అసలు రాలేదు. రెండోదానిలో పైసగం ఉంది: స్కేలు, నాన్న బొటనవేలు, గోటికింద మట్టి. పువ్వుండాల్సిన చోటంతా బూడిదరంగు.

ఆ రాత్రి నాన్నే ఫోన్ చేశారు. "ఎక్కడ అడ్డం పడిందిరా?" అన్నారు. చివరి జాయింటు దగ్గర అని చెప్పాను.