బతికిన పదకొండేళ్ళు

మ్యాగీ ఓఫారెల్ నవల ‘హామ్‌నెట్’లో కథ మొదలవకముందే పిల్లవాడు చనిపోతాడని తెలిసిపోతుంది. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక దంపతులకు ముగ్గురు పిల్లలని, కవలల్లో ఒకడైన హామ్‌నెట్ 1596లో పదకొండేళ్ళకే పోయాడని, ఓ నాలుగేళ్ళకు తండ్రి ‘హామ్లెట్’ నాటకం రాశాడని రచయిత్రి ముందే చెప్పేస్తుంది. అయినా నేనెరిగిన పాఠకులు చాలామంది వాడు బతుకుతాడేమోనన్న ఆశతోనే చదివారు.

చర్చి రిజిస్టరులో ఆ పిల్లవాడి గురించి ఉన్నవి రెండే సంగతులు: 1585 ఫిబ్రవరి 2న బాప్తిస్మం, 1596 ఆగస్టు 11న ఖననం. ఏ జబ్బుతో పోయాడో ఎక్కడా లేదు; ప్లేగన్నది ఓఫారెల్ ఊహ. ఆ రెండు తేదీల నడుమ ఆమె ఒక పిల్లవాణ్ణి బతికించింది. పాఠం వింటూ వింటూ ఎటో వెళ్ళిపోయే మనసు, తోడబుట్టిన జూడిత్‌తో బట్టలు మార్చుకుని అందరినీ ఏమార్చే అల్లరి, చేతితొడుగులు కుట్టే తాత కోపమంటే భయం. వర్ణనలు ఎక్కువయ్యాయని, కథ నడవదని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆ ఆలస్యమే నవలకు ప్రాణం.

పుస్తకం వచ్చింది 2020 మార్చి ఆఖర్లో, బ్రిటన్‌లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో. ప్లేగు అలెగ్జాండ్రియా రేవు నుంచి ఓడలెక్కి, వెనిస్ గాజుపూసల పెట్టెతో ఇంగ్లండు చేరే అధ్యాయం గురించి అందరూ మాట్లాడుకున్నారు. కరోనా రెండో విడతలో తండ్రిని పోగొట్టుకున్న నా స్నేహితురాలు దాన్ని తిప్పేసింది. ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది తల్లి ఆగ్నెస్ కొడుకు శరీరాన్ని కడిగి, బట్టలో చుట్టి కుట్టే ఘట్టం. “మా నాన్నకి ఆఖరి స్నానం చేయించనివ్వలేదు. ఆవిడ చేస్తుంటే నేను చేసినట్టే అనిపించింది” అంది. ఆ వెంటనే నాన్నగారి పాదం మీది మచ్చ గురించి, ఆయన పొద్దున్నే తల దువ్వుకునే తీరు గురించి చెప్పడం మొదలుపెట్టింది. నవల మాట మళ్ళీ రానే లేదు.

ఆమె దగ్గర నేర్చుకున్నదాన్ని ఇప్పుడు పరామర్శకు వెళ్ళినప్పుడల్లా పాటిస్తున్నాను. మనవాళ్ళు గుమ్మంలోనే “ఎలా జరిగింది?” అంటారు. ఏ ఆసుపత్రి, ఎన్నాళ్ళున్నారు, ఎంతైంది. వచ్చినవాళ్ళందరికీ ఆ ఇంటి మనిషి చావునే మొదట్నుంచి చెప్పుకురావాలి. చెప్పి ఏడిస్తే, ఊరుకోమంటారు. పోయిన మనిషికి ఏ కూర ఇష్టమో, ఏ పాట కూనిరాగం తీసేవాడో ఎవరూ అడగరు. నేను అదే అడుగుతాను. జవాబుగా కన్నీళ్ళు రావచ్చు, నవ్వూ రావచ్చు. రెండిటికీ నాకు అభ్యంతరం లేదు.

నవల ముగింపు దగ్గర మాత్రం పాఠకులు రెండుగా చీలారు. కొడుకు పేరు నాటకానికి పెట్టాడని తెలిసి ఆగ్నెస్ కోపంతో లండన్ వెళుతుంది. వేదిక మీద కుర్రనటుడు అచ్చం తన బిడ్డలా నడుస్తున్నాడు. అలా నేర్పింది భర్తే. అక్కడ తండ్రిని క్షమించానన్నవాళ్ళు చాలామంది. నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. వాడి నడక అంతగా గుర్తున్నవాడు ముందు ఇంటికొచ్చి ఆవిడ పక్కన కూర్చుని చెప్పాల్సింది, అంటుంది. నాదీ అదే మాట.