గట్టు లేని కాగితం

మా ఇంట్లో బొమ్మల కథల పుస్తకాలకు చదువు చెడగొట్టేవని పేరు. అయినా ఏలూరు పవర్‌పేటలో పాతవి కొని, లెక్కల పుస్తకం మధ్యన పెట్టుకుని చదివిన ఘనుణ్ణి నేను. వట్లూరులో ఇంజనీరింగులో చేరాక అవే అక్కరకొస్తాయని అనుకోలేదు.

1966లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ కథ ఒకటుంది. స్ట్రామ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆస్బార్న్ అనే వ్యాపారీ ఒకప్పటి భాగస్తులు. కంపెనీ సొమ్ము తిన్నాడని స్ట్రామ్‌ను జైలుకు పంపి, అతడు కనిపెట్టినవన్నీ ఆస్బార్న్ సొంతం చేసుకుంటాడు. స్ట్రామ్ మరమనుషుల్ని చేసి పగకు దిగుతాడు. చిన్నప్పుడు నా కంటికి మరమనిషే ఆనాడు గాని, వాళ్లిద్దరూ ముందు ఏం కాగితం రాసుకున్నారన్న ప్రశ్న తట్టలేదు.

అటువంటి కాగితమే ఒకరోజు నా ముందుకొచ్చింది. మా నాన్నగారిది లీజు చేపల చెరువు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ వేళ ఏరియేటరు ఆగిందా, చేపలు తేలిపోతాయి. అది ఆగగానే ఇంట్లో గంట మోగేలా నేనొక పెట్టె చేశాను. మేత వ్యాపారి ఒకాయన చూసి, "ఇరవై వేలిస్తా, ఇంకో పది చెయ్యి బాబూ" అన్నాడు. ఫీజు బాకీ ఉన్నవాడికి ఆ మాట ఎంత తీపో మీకు చెప్పక్కర్లేదు. తీరా చూస్తే ఒప్పందంలో "ఇకముందు చేయబోయే పరికరాలన్నియు" ఆయనవేనని ఉంది.

నాన్నగారికి చదివి వినిపించాను. "చెరువు లీజు రాసేటప్పుడు హద్దులెక్కడ, ఎన్నేళ్లు అని రాసుకుంటాం గదరా. దీనికి గట్టేదీ?" అన్నారు.

నిజమే. మన 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం దరఖాస్తు చేసే హక్కు మొదట కనిపెట్టినవాడిదే. డబ్బు పెట్టినంత మాత్రాన అది చేతులు మారదు, రాతపూర్వకంగా రాసిస్తేనే మారుతుంది. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చారు. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగారు. 1975లో గాని వాళ్లకు పింఛను, కథల మీద మళ్లీ తమ పేర్లు దక్కలేదు. అది పేటెంటు కాదు, రచన హక్కు. సంతకం మహిమ మాత్రం ఒకటే.

"ఈ పెట్టె వరకే, మూడేళ్లు" అని దిద్ది ఇచ్చాను. ఆయన మళ్లీ రాలేదు. ఫీజు అమ్మ గాజులతో కట్టాం. మిత్రులారా, నేను చేసింది తెలివో తెలివితక్కువో చెప్పలేను. అమ్మ బోసి చేతులు చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అర్ధరాత్రి గంట మోగి, నాన్నగారు టార్చిలైటుతో చెరువు వైపు పరుగెత్తినప్పుడు మాత్రం, ఆ గంట ఇంకా మాదేనన్న ధైర్యం కలుగుతుంది.