నీటి యడుగు చదువునకు గురువు నెంచుకొనుట - హేవ్‌లాకు ద్వీపము

భారతకథలో దుర్యోధనుడు మడుగు సొచ్చి జలస్తంభన విద్యచే దాగియుండిన సంగతి సోదరీమణు లెల్లరు నెఱిగినదే. ఆ విద్య యాతని కెవరు నేర్పిరో, ఎంత పుచ్చుకొనిరో మన కనవసరము. వీపున గాలి సిలిండరు గట్టుకొని, నోట గొట్టము నుంచుకొని, ముప్పాతిక గంటసేపు సముద్రము నడుగున సంచరించి వచ్చు విద్య యొకటి నేడు సామాన్య గృహస్థులకు గూడ దొరకుచున్నది. దానికి స్కూబా యని పేరు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను నిరువురు, మనుష్యుడు పీల్చినపుడు మాత్రమే పీల్చినంత గాలి నిచ్చు సాధనమును గల్పించిరి. నేటి పరికరములకు నదియే మూలము. ఈ విద్య నేర్పువారిని ఎట్లెంచుకొనవలయునో, గడచిన సంక్రాంతి సెలవులలో అండమాను దీవులకు బోయి మేము చూచినదియు విన్నదియు నిందు వ్రాయుచున్నాము.

మన విశాఖపట్టణపు ఋషికొండ యొద్ద గూడ నేర్పువా రున్నారు. అయినను నీరు తేటగా నుండి పగడపు దిబ్బలు చేరువలో నుండు చోటు క్రొత్తవారికి మేలని తలచి హేవ్‌లాకునకు బయలుదేరితిమి. 2018లో ఈ ద్వీపమునకు స్వరాజ్ ద్వీపమనియు, 2024లో పోర్టుబ్లేయరు పట్టణమునకు శ్రీ విజయపురమనియు పేరు లుంచిరి. మేము కలిసిన పడవవాండ్రు మాత్రము పాత పేళ్లే పలుకుచుండిరి. చెన్నపట్టణము నుండి విమానమున రెండు గంటల పైచిలుకు, అచ్చటి నుండి పడవపై మఱి రెండు గంటలు ప్రయాణము. నవంబరు మొదలు ఏప్రిలు వఱకు సముద్రము నెమ్మదిగా నుండును. బడి సెలవులు మే నెలలో వచ్చును, ఆ నెలలోనే వానగాలి మొదలగును. కావున ఉపాధ్యాయుల కుటుంబములకు సంక్రాంతియే గతి.

ప్రయాణమునకు మేము, మాస్టరుగారు, పదునాఱేండ్ల మా ఆడుబిడ్డ కూతురు - ముగ్గురమే. నేర్చుకొనదలచినది మేమును ఆ పిల్లయును. మాస్టరుగారు ఒడ్డున గూర్చుండి సామాను కాచెదమని ముందే చెప్పివేసిరి.

శ్రీ విజయపురమున జంగ్లీఘాట్ అను పేటలో శ్రీకాకుళము, విశాఖ సీమల నుండి వలసవచ్చిన తెలుగు మత్స్యకారు లనేకులు గలరు. అచ్చట నొక ముసలి తాత మా సంగతి విని, "ఏ రోజైనా గాలి బాగునేదని పడవ ఆపీసినారా అని అడగండమ్మా. ఆపినోడి కాడికే ఎల్లండి," అనెను. మాకు దొరకిన సలహాలలో నింతకు మించిన దొకటి లేదు. మేము దానిని ప్రతి దుకాణమునను అడిగితిమి.

ముందుగా నొక సంగతి. ద్వీపమున నమ్ముడగునవి రెండు. ఒకటి ముచ్చట తీర్చుకొను మునుక. కొంచెము పాఠము చెప్పి, వెనుక నొకడు సిలిండరు పట్టుకొని, లోతులేని చోట త్రిప్పి, ఫోటోలు దీసి యిత్తురు. దీనికి ఈత రానక్కఱలేదు. 12 మీటరులకు మించి పోరాదు. ఇందు తప్పు లేదు గాని ఇది శిక్షణ కాదు. రెండవది మూడు నాలుగు దినములు పట్టు 'ఓపెన్ వాటర్' శిక్షణ. అందు పుస్తకపాఠము, కదలని నీట నభ్యాసము, సముద్రమున నాలుగు మునుకలు, పరీక్షయు నుండును. 200 మీటరులు ఈదవలయును, 10 నిమిషములు తేలవలయును. నెగ్గినవారు తోడుతో 18 మీటరుల వఱకు మునుగుటకు పత్రము పొందుదురు. దీనికి మాకు జెప్పిన వెలలు 25,000 మొదలు 35,000 రూపాయల వఱకు నుండెను. చీటీ పాడి తెచ్చిన సొమ్ము గనుక, ప్రతి రూపాయికి లెక్క చూచితిమి. మొదటి సరుకును రెండవదాని పేర నంటగట్టువారును లేకపోలేదు.

మొదట బోయిన దుకాణము మా బసవారు చెప్పినది. రెండు దినములలో ముగించెదమనిరి. ఆరోగ్యమును గూర్చిన ప్రశ్నల కాగిత మిచ్చిరి: ఉబ్బసము గలదా, గుండెజబ్బు గలదా, చెవికి శస్త్రచికిత్స జరిగెనా, గర్భవతివా - ఇట్టివి. మా పిల్లకు చిన్ననాడు ఉబ్బసముండి పదియవ యేట తగ్గినది. ఆ మాట చెప్పగా నచ్చటి కుఱ్ఱవాడు, "అన్నిటికీ లేదని రాసేయండి మేడమ్, లేకపోతే డాక్టరు కాగితం కావాలి," అనెను. మేము కలము క్రింద బెట్టి లేచి వచ్చితిమి.

ఇది వట్టి కాగితపు తంతు కాదు. పది మీటరుల లోతున మనపై నొత్తిడి ఒడ్డున నున్నదానికి రెండింత లగును. అచ్చట నిండుగా పీల్చిన గాలి, శ్వాస బిగబట్టి పైకి వచ్చినచో రెండింతలుగా ఉబ్బును. పోవ దారి లేక ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుచేతనే ఈ విద్యలో మొదటి సూత్రము ఎన్నడును శ్వాస బిగబట్టరాదనుట. ఉబ్బసపు రోగి తాను బిగబట్టకున్నను లోపలి సన్నని నాళములు బిగిసికొని గాలిని బంధింపగలవు. అట్టి పిల్లచేత 'లేదు' అని వ్రాయించువాడు తన దుకాణమునకే గాని పిల్ల ప్రాణమునకు కాపు కాడు.

రెండవచోట వెల తక్కువ, మాట తీయన. మాకు నేర్పువా రెవరని యడుగగా "ఎవరో ఒకరు వస్తారు లెండి," అనిరి. ఒక్కని వెంట ఎనమండుగురు నీటికి బోవుట మేము కన్నులార జూచితిమి. ఇచ్చట సోదరీమణులు జ్ఞప్తి నుంచుకొనదగిన దొకటి కలదు: ఇన్‌స్ట్రక్టరు వేఱు, డైవ్‌మాస్టరు వేఱు. డైవ్‌మాస్టరు తోడు వచ్చి దారి చూపవచ్చును గాని తానొక్కడే ఈ శిక్షణ నిచ్చి పత్ర మీయజాలడు. ఇన్‌స్ట్రక్టరున కొక సంఖ్య యుండును. 1966లో బుట్టిన పాడి యను సంస్థవంటివి ఆ సంఖ్యను సరిచూచుకొను వీలు కల్పించుచున్నవి. గురువు పేరును సంఖ్యయు చెప్పుటకు నసిగెడివారితో మనకు పని లేదు.

మూడవచోట నొక మరాఠీ యువతి యుండెను. మేము వెల యడుగుటకు ముందే ఆమెయే మమ్ము ప్రశ్నింప మొదలిడెను. ఈత యెచ్చట నేర్చితిరి? నీట భయమున్నదా? మందు లేవైన వాడుచున్నారా? తిరుగు విమాన మెప్పుడు? ఉబ్బసపు మాట వినగానే పిల్ల వంక దిరిగి, "చెల్లీ, ఊపిరితిత్తుల డాక్టరు పరీక్షించి సరేనన్న తర్వాత రా. అంతవరకు నేను తీసుకువెళ్లను," అనెను. పిల్ల కన్నీరు పెట్టుకొనెను. మాస్టరుగా రింకొక మాఱడిగి చూచిరి; ఆమె తల యూపలేదు. చేతి కందిన సొమ్మును వలదనుటకు జంకని యామెయే మాకు దగిన గురువని మే మప్పుడే నిశ్చయించితిమి.

అయినను తక్కిన ప్రశ్నలు విడువలేదు. పడవ ఎన్నడైన ఆపితిరా యనగా, "మొన్ననే, గాలి ఎక్కువైతే," అనెను. గాలి నింపు కంప్రెసరును జూపెను. దాని పీల్చు గొట్టము ఇంజను పొగకు దూరముగా నుండెను. నింపిన గాలికి వాసన గాని రుచి గాని యుండరాదనుచు మాచేత పీల్పించెను. పడవపై ప్రాణవాయువు పెట్టె ఉండెను. ఆపద వచ్చినచో ఒత్తిడి గది గల వైద్యశాలకు ఎట్లు చేర్తువనగా తడుముకొనక దారియంతయు జెప్పెను. నలుగురు శిష్యులకు మించి ఒకమాఱు తీసికొనదట.

నేర్చుకొన్న విధము క్లుప్తముగా వ్రాయుదుము. దిగునపుడు ముక్కు మూసి మెల్లగ ఊది చెవులు సరిచేసికొనవలయును; నొప్పి పుట్టిన పిదప కాదు, పుట్టకముందే. కంటి మాస్కులోనికి నీరు రానిచ్చి ముక్కుతో ఊది వెడలగొట్టుట మాకు మిక్కిలి కష్టమైనది. మొదటి దినమున అది సాగలేదు. ఆమె విసుగుకొనక మఱునాడు ఉదయము పైసొమ్మడుగక మరల నేర్పెను. వచ్చిన పిదపనే లోతునకు గొనిపోయెను. పగడములపై కాలు మోపనీయలేదు. 2010లోను 2016లోను సముద్రము వేడెక్కి అండమాను పగడములు తెల్లబాఱి యనేకము నశించెనట. మిగిలినవాని నడుమ నీలి, పసుపు చేపలు మమ్ము లెక్కింపక తిరుగుచుండెను. మైనాకుడు సముద్రము నడుగున దాగుట కథగా విన్నవారము. అడుగున కొండ లుండుట కన్నులతో జూచితిమి.

ఉడుపును గూర్చి జంకువారి కొక మాట. మాకిచ్చిన రబ్బరు ఉడుపు మెడ మొదలు చీలమండల వఱకు గప్పును. మన పరికిణీ ఓణీలకంటె మఱుగు. మంగళసూత్రము లోపలికి ద్రోసి, జడ బిగించి చుట్టి, గాజులు మాస్టరుగారి కిచ్చితిమి. నెలసరి దినము లీ విద్యకు అడ్డు గావు. గర్భవతులును, గర్భమేమోయని సందేహము గలవారును మాత్రము మునుగనే కూడదు.

పలుమాఱులు మునిగిన పిదప 18 గంటలైనను గడువనిదే విమాన మెక్కరాదు. రక్తమున గరగిన నత్రజని బుడగలు గట్టును. మా తిరుగు దినమును ముందే అడిగిన కారణ మిదియే. ఆ విరామ దినమున రాధానగరు తీరమున గూర్చుంటిమి.

ఇంటికి వచ్చిన వారమునకు పిల్లను వైద్యునికి జూపితిమి. ఊపిరి పరీక్ష చేసి, పరుగెత్తించి మరల చేయవలెననెను. ఆ రెండవ పరీక్ష వచ్చే నెల. ఈలోగా ఆమె ఆదివారము లన్నియు ఈతకొలనులో గడుపుచున్నది.