రెండు పండుగల నడుమ డిసెంబరు

1987లో మొదలైన ‘జెట్’ పథకం కింద జపాన్ బడులకు వెళ్లే విదేశీ ఆంగ్ల సహాయోపాధ్యాయునికి, అంటే స్థానిక ఉపాధ్యాయుని పక్కన నిలిచి పిల్లలచేత భాషను పలికించే వ్యక్తికి, అక్కడ డిసెంబరు 25 సెలవు దినం కాకపోవడమే తొలి వింత. స్వదేశంలో కుటుంబాన్ని ఒక్కచోట చేర్చే ఆ క్రిస్మస్ పండుగ జపాన్‌లో ప్రేమజంటల సాయంత్రంగా, 1970ల నాటి వ్యాపార ప్రచారం అలవాటు చేసిన వేయించిన కోడిమాంసంగా, స్ట్రాబెర్రీ కేకుగా రూపు మార్చుకోగా, దాని మూలార్థాన్ని తరగతిలో వివరించే బాధ్యత మాత్రం, విచిత్రంగా, అతనిదే అవుతుంది. అక్కడి అసలైన ఇంటి పండుగ ‘షోగత్సు’, అనగా జనవరి 1న వచ్చే నూతన సంవత్సరం. ముందు రాత్రి ‘తొషికోషి సోబా’ అనే పొడవాటి నూడుల్స్‌ను దీర్ఘాయువుకు గుర్తుగా తిని, బౌద్ధాలయాల్లో 108 సార్లు మోగే గంటను వింటారు. రైళ్లన్నీ సొంతూళ్లకు పోయేవారితో కిక్కిరిసే ఆ వారంలో, సహోద్యోగి ఇంటి నుంచి పిలుపు అందితే తప్ప, అతనికి ఆ గంట కిటికీలోంచి వినబడేదే.